చేతికి తగ్గ బండి

మా అన్నయ్యకు వచ్చిన జబ్బు మొదట బండికి వచ్చింది. ఆయన అలాగే అనుకున్నాడు. క్లచ్చు బిగుసుకుపోతోందన్నాడు. కేబులు మార్చాడు, నూనె పోశాడు, లివరు విప్పి ఆకురాయితో అరగదీసి మళ్ళీ బిగించాడు. ఆ వేసవంతా ఒక్క లివరుతోనే కుస్తీ పట్టాడు. లోపం లివరుకు ఇవతల, తన చేతిలో ఉందని ఆయనకు తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు. ముందే తట్టి ఉన్నా ఒరిగేదేమీ లేదని తరవాత డాక్టరమ్మ చెప్పింది.

ఆయన గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్క కడ్డీలు చేసేవాడు. ఇంటి ముందు భాగమే వెల్డింగు షాపు. వెనక రెండు గదుల్లో ఆయనా వదినా, పైనున్న ఒక్క గదిలో నేను. పొద్దున గ్రైండరు మొదలైతే నా గది కిటికీ అద్దం సన్నగా వణికేది. ఆ వణుకుతోనే నాకు తెల్లవారేది. ఇప్పుడు అద్దం వణకదు. పొద్దెక్కేదాకా మంచం మీదే ఉంటున్నాను, మెలకువగానే.

పనిలో ఆయనకొక పద్ధతి ఉండేది. మనిషి చెయ్యి పడే చోట టేపు పెట్టి కొలిచేవాడు కాదు. గేటుకు గడియ పెట్టాలంటే ఆ ఇంటావిడను పిలిచి, “గడియ ఉన్నట్టే అనుకుని ఒకసారి తీసి వెయ్యండమ్మా” అనేవాడు. ఆవిడ నవ్వుకుంటూ గాల్లో చెయ్యి ఆడిస్తే, అది ఎక్కడ ఆగిందో చూసి సుద్దముక్కతో గీత గీసేవాడు. మెట్ల కడ్డీ అయితే ఆ ఇంట్లో అందరికంటే పెద్దవయసు వాళ్ళను తీసుకురమ్మని, వాళ్ళు ఎక్కి దిగేటప్పుడు చెయ్యి ఎక్కడెక్కడ తడుముకుంటుందో చూసేవాడు. “మనిషి ఇనుము దగ్గరికి పోకూడదు చెల్లీ, ఇనుమే మనిషి దగ్గరికి రావాలి” అనేవాడు. చేతికి నొప్పి పుట్టిందంటే తప్పు ఇనుములోనే ఉండాలి. జీవితమంతా అలా పని చేసినవాడు, క్లచ్చు బిగుసుకుంటే క్లచ్చునే అనుమానిస్తాడు మరి.

ఆ బండి వచ్చింది వదిన తమ్ముడి కొట్టు నుంచి. అతనిది పాత ఇనుము వ్యాపారం. అందరూ అతన్ని తుక్కు అనే పిలుస్తారు. పిల్లనిచ్చిన అత్తగారు కూడా ‘తుక్కు అల్లుడు’ అనే అంటుందని వదిన వెక్కిరిస్తుంది. ఒకరోజు అతని కొట్టు వెనక, విరిగిన మంచాల కింద, అన్నయ్యకు అది కనపడింది. రాళ్ళ దారుల్లో, కొండ దారుల్లో, వందల మైళ్ళు తిరగడానికి ఎప్పుడో తయారుచేసిన పెద్ద బండి. నా ఛాతీ దాకా వచ్చే సీటు, పొట్ట ఉబ్బిన ట్యాంకు, పొడవాటి ముందు కాళ్ళు. ఫ్రేము ఒకచోట విరిగింది. దీపం లేదు. సగం తీగలు ఎలుకలు కొరికేశాయి.

“రేపు దీన్ని కరిగించే వాళ్ళొస్తున్నారు బావా,” అన్నాడు తుక్కు.

“వాళ్ళకు నిన్ను తూచి ఇయ్యి. ఇది నాకు కావాలి,” అన్నాడు అన్నయ్య.

షాపులోకి నెట్టుకొచ్చిన రోజు వదిన గుమ్మంలో నిలబడి దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. “గుర్రాన్ని తెస్తారేమో అనుకున్నా. ఒంటెను తెచ్చారు,” అంది. ఆ పేరే నిలిచింది.

గేట్ల పని అయ్యాక మిగిలిన పొద్దంతా ఒంటెకే. దానికి కొత్త సామాను ఒక్కటీ కొనలేదు. దొరకదు కూడా, ఆ బండి చెయ్యడం మానేసి చాలా కాలమైంది. విరిగిన ఫ్రేము లోపల ఇంకో పైపు దూర్చి అతికాడు. ఇంజను కిందికి రాళ్ళు తగలకుండా వాషింగు మెషిను డ్రమ్మును కోసి పళ్ళెంలా వంచాడు. సీటు బస్సు సీటులోని స్పాంజితో చేశాడు. ముందు అద్దం కోసం పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పలకను వంటింటి పొయ్యి మీద వేడిచేసి వంచితే, ఇల్లంతా చాలా రోజులు కమురు వాసన కొట్టింది. వెనక సామాను చట్రం ఆసుపత్రి మంచం కడ్డీలది. పక్క పెట్టెలు రెండూ రోడ్డు మీద తీసేసిన హెచ్చరిక బోర్డుల రేకుతో చేశాడు. ఒక పెట్టె మూత తెరిస్తే లోపల ‘నెమ్మదిగా పొండి’ అని పెద్ద అక్షరాలు కనపడతాయి.

“ఈ ఇంట్లో బుద్ధిగా మాట్లాడేది ఆ పెట్టె ఒక్కటే,” అనేది వదిన. “వంటింట్లో కుళాయి కారుతోందని చెప్పి ఎన్నాళ్ళయింది. అది మాత్రం మీకు వినపడదు. ఒంటెకు దాహం వేస్తే మాత్రం ఇక్కణ్ణుంచే తెలిసిపోతుంది.”

“కుళాయి మనల్ని కనుమ దాటిస్తుందా?” అనేవాడు ఆయన.

అదీ అసలు సంగతి. మా వీధి చివర నిలబడితే కొండలు కనపడతాయి. ఆ కొండల మధ్య కనుమ ఉంది. ఇవతలి వైపు ఎక్కడం కష్టమట, మెలికలు మెలికలుగా ఉంటుందట. పైకి చేరాక అవతలి వైపు మాత్రం ఒకటే వాలు. ఇంజను ఆపేసి, గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకుండా, కింది ఊరి దాకా దిగిపోవచ్చట. పెళ్ళయిన కొత్తలో ఎవరో లారీ డ్రైవరు ఆయనకు ఆ సంగతి చెప్పాడు. అప్పట్నుంచీ వదినను వెనక కూర్చోబెట్టుకుని ఆ వాలు దిగాలని ఆయన కోరిక. ఎప్పుడూ ఏదో ఒక ఇంటి గృహప్రవేశం, ఏదో ఒక గేటు తొందర. ఇద్దరూ ఎప్పుడూ వెళ్ళలేదు. ఒంటె వచ్చాక అదొక ఒట్టులా అయిపోయింది. బండి తయారైన రోజే బయలుదేరడం.

బండి తయారైంది. క్లచ్చు బిగుసుకుంది.

తుక్కును పిలిచి నొక్కి చూడమన్నాడు. తుక్కు ఒక వేలితో నొక్కాడు. “ఏమైంది దీనికి? వెన్నపూసలా ఉందిగా.”

“నీది ఇనుము మోసే చెయ్యిరా. మామూలు మనిషి నొక్కితే తెలుస్తుంది.”

“నువ్వేమన్నా పూలు అమ్ముకుంటున్నావా బావా?”

అన్నయ్య నవ్వాడు గానీ ఆ మాట చెవిన వేసుకోలేదు. లివరును బారుగా చేశాడు, తక్కువ బలంతో ఎక్కువ లాగొచ్చని. కొన్నాళ్ళు బాగానే ఉందన్నాడు. మళ్ళీ బిగిసిందన్నాడు. ఇంజను విప్పి క్లచ్చు స్ప్రింగులు తీసి మెత్తటివి వేశాడు. అప్పుడు నిజంగానే చెడింది. గేరు వేస్తే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. పాత స్ప్రింగులే మళ్ళీ వేశాడు. బాగున్న దాన్ని బాగుచేసి బాగుచేసి అలిసిపోయాడు.

ఒకరోజు ఆయన బయటికి వెళ్ళినప్పుడు వదిన షాపులోకి వచ్చి, ఎప్పుడూ బండిని ముట్టుకోని మనిషి, ఆ లివరు నొక్కి చూసింది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. మళ్ళీ నొక్కింది. సులువుగా వచ్చింది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వచ్చి అన్నానికి కూర్చున్నాక సీసా ఒకటి చేతికిచ్చి మూత తియ్యమంది. ఆయన కుడిచేత్తో తియ్యబోయాడు.

“ఎడమ చేత్తో తియ్యండి.”

“ఎందుకూ?”

“ఊరికే. తియ్యండి.”

ఆయన ప్రయత్నించాడు. మూత తిరగలేదు. చొక్కా అంచుతో పట్టుకుని తిప్పాడు. తిరగలేదు. సీసాను దీపం కిందికి తెచ్చి మూత అంచును పరీక్షగా చూశాడు. “మర పట్టేసింది దీనికి,” అన్నాడు. వదిన సీసా తీసుకుని, ఎడమచేత్తో మూత తీసి, బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. తన రెండు వేళ్ళూ ఆయన గుప్పెట్లో పెట్టి గట్టిగా నొక్కమంది.

“నొక్కుతూనే ఉన్నానమ్మా,” అన్నాడు అన్నయ్య.

చాలా పరీక్షలయ్యాక మళ్ళీ పిలిచారు. ఆమె కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుంది. అన్నయ్యే ముందు అడిగాడు. “కేబులా అమ్మా, ఇంజనా?”

ఆమె వదిన వంక చూసి, మళ్ళీ ఆయన వంక చూసింది. “కేబులే. వెన్ను నుంచి కండ దాకా వచ్చే నరాలు. ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి.”

“మార్చడానికి దొరకవా?”

“దొరకవండీ.”

“ఈ చెయ్యి ఒక్కటేనా?”

ఆమె మిగతావీ చెప్పింది. కాళ్ళు, రెండో చెయ్యి, మాట, మింగడం, ఆఖర్న ఊపిరి. ఏది ముందో, ఎంత తొందరగానో ఎవరూ చెప్పలేరంది. అన్నయ్య శ్రద్ధగా విన్నాడు, ఎవరో గేటుకు ఎలాంటి నగిషీ కావాలో చెబుతున్నట్టు.

ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా షాపులోకి పోయి, ఒంటె క్లచ్చు లివరును హ్యాండిలు నుంచి విప్పేసి మూల పడేశాడు. “చెయ్యి లేకపోతే కాలుంది,” అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది ఆ పరుగు. తుక్కు ఒక పాత కారులోంచి క్లచ్చు పెడలు పీక్కొచ్చాడు. దాన్ని ఎడమ పాదం దగ్గర అమర్చి, కడ్డీలతో ఇంజనుకు కలిపాడు. పాదం చేసే పని మారింది కాబట్టి గేరు చేతికి రావాలి. ఒక కడ్డీని ట్యాంకు పక్కనుంచి పైకి తెచ్చి, కొసన ఒక వలయం అతికాడు. ఎడమ చెయ్యికి పట్టు లేకపోయినా భుజంలో ఇంకా బలముంది. మణికట్టు ఆ వలయంలో దూర్చి ముందుకు తోస్తే ఒక గేరు, వెనక్కి లాగితే ఇంకొకటి.

“గాజు బాగా నప్పింది బావా,” అన్నాడు తుక్కు.

“మీ అక్కకు చెప్పు. జత అడుగుతుంది.”

వెల్డింగు చేసేటప్పుడు ఎడమచేత్తో పట్టాల్సిన ఇనుమును ఇప్పుడు వదిన పట్టుకునేది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, మొహం పక్కకు తిప్పుకునేది. “కదపకు” అనేవాడు ఆయన. ఆమె కదిపేది కాదు. నిప్పురవ్వలు ఆమె చెప్పుల మీద పడి నల్లటి చుక్కలు పెట్టేవి. ఒప్పుకున్న గేట్లు సగం సగం గోడకు ఆనించి ఉండేవి. ఆ గేట్ల వాళ్ళు వచ్చి చూసి, ఇంకో షాపు వెతుక్కున్నారు.

పెడలు కుదిరింది. వీధి చివరిదాకా పోయి వచ్చాడు. ఆయన మొహంలో ఆ రోజు ఉన్న వెలుగు మళ్ళీ చూడలేదు నేను. దిగి లోపలికి వస్తుంటే ఎడమకాలి చెప్పు గుమ్మం దగ్గర జారిపోయింది. మర్నాడు కూడా జారింది. చెప్పు వదులైందని దానికి వెనకనుంచి తోలు పట్టీ కుట్టుకున్నాడు. వంటింట్లోంచి చూస్తున్న వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఈసారి ఆమె సీసా ఏదీ ఇవ్వలేదు. తిన్నగా వచ్చి, “కనుమకు ఎప్పుడు?” అంది.

“రంగు వెయ్యాలి ఇంకా.”

“రంగు అక్కర్లేదు. రేపే వెళదాం.”

పొద్దున్నే బయలుదేరారు. తుక్కు సామాన్ల ఆటోలో నేనూ ఎక్కాను. మేము వెనక వస్తామంటే అన్నయ్య వద్దనలేదు. అదే మొదటిసారి ఆయన ఏదైనా వద్దనకపోవడం. వదిన పక్క పెట్టె మీద కాలు పెట్టి ఎక్కింది. ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ముందు వాళ్ళిద్దరి వీపులు కనపడుతున్నాయి. ఆయన వీపు నిటారుగా ఉంది. మణికట్టుతో గేరు మార్చినప్పుడల్లా ఎడమ భుజం పైకి లేచి దిగుతోంది. తుక్కు పాట ఏదో కూనిరాగం తీస్తున్నాడు. కొండ మొదలైంది. మొదటి మలుపు చక్కగా తీసుకున్నాడు. రెండోదీ తీసుకున్నాడు.

ఆ పై మలుపులో ఎదురుగా లారీ దిగుతోంది. దారి ఇవ్వడానికి ఆగాలి. కుడిచేత్తో బ్రేకు పట్టాడు. ఆ క్షణాన పెడలు తొక్కాలి. పాదం పెడలు మీదే ఉంది. వెనకనుంచి నాకు కనపడుతూనే ఉంది. ఎవరో అక్కడ పెట్టి మరచిపోయిన వస్తువులా ఉంది. ఇంజను ఒక్క కుదుపు ఇచ్చి ఆగిపోయింది. బండి ఎడమవైపు ఒరిగింది. ఆ కాలు కింద ఆనించాలి, అది రాలేదు. వెనక నుంచి వదిన కాలు దింపి ఆ బరువంతా తన మీద వేసుకుంది. ఆపలేకపోయింది. కంకరలో జారి బండితో పాటు ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

లారీ డ్రైవరూ, తుక్కూ కలిసి బండి లేపారు. వదిన పిక్క మీద సైలెన్సరు తగిలి చర్మం ఊడింది. ఆమె దాన్ని చూసుకోలేదు. అన్నయ్యను గట్టు మీద కూర్చోబెట్టి చేతులూ మోకాళ్ళూ తడిమి చూసింది. ఆయన ఆమెను చూడటం లేదు. బండి కింది భాగం చూస్తున్నాడు.

“పెడలు ఒక వేలెడు ఎత్తులో పెట్టి ఉండాల్సింది,” అన్నాడు. “స్ప్రింగు కూడా మార్చాలి. రేపు మళ్ళీ...”

“పెడలు బాగానే ఉంది,” అంది వదిన. “నీ కాలు చచ్చిపోయింది.”

పెళ్ళయినప్పట్నుంచీ ఆమె ఆయన్ని ‘మీరు’ అనే పిలిచింది. ఆ రోజు గట్టు మీద ‘నువ్వు’లోకి దిగింది. మళ్ళీ పైకి ఎక్కలేదు. ఆయన కూడా ఆ మార్పు గమనించినట్టు తల ఎత్తి చూశాడు. అక్కణ్ణుంచి కనుమ కనపడుతోంది, ఇంకా చాలా పైన, రెండు కొండల మధ్య కొంచెం ఆకాశం. బండిని ఆటోలో ఎక్కించుకుని వెనక్కి వచ్చేశాం.

ఆ తరవాత కూడా ఆయన మానలేదు. కాలు పోతే దానంతటదే పట్టి వదిలే క్లచ్చు కావాలన్నాడు, మోపెడ్లలో ఉంటుంది కదా, అలాంటిది. పడిపోకుండా పక్కన చిన్న చక్రాలు కావాలన్నాడు. తుక్కు ఏ రోజుకారోజు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. మోపెడు క్లచ్చు ఆ పెద్ద ఇంజను బలానికి ఆగదు, బూడిదైపోతుంది. ఆ సంగతి అన్నయ్యకు తెలుసు, తుక్కుకు తెలుసు. అయినా విప్పేవాళ్ళు, పెట్టి చూసేవాళ్ళు, మళ్ళీ విప్పేవాళ్ళు.

వదిన తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి అడిగింది. “నువ్వు తెచ్చే ఒక్కో ముక్కా ఆయన్ని నంజుకు తింటోందిరా. తేకు.”

“తేకపోతే ఈ పూటే పోతాడక్కా.”

“నువ్వే చెప్పు, కుదురుతుందా అది?”

“కుదరదు.”

“మరి?”

తుక్కు గోడకు ఆనించిన రేకులను ఒకదాని మీద ఒకటి సర్దుతూ నిలబడ్డాడు.

ఆ వారంలోనే అన్నయ్య స్నానాల గదిలో పడ్డాడు. నుదురు చిట్లింది. వదిన కట్టు కట్టి, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

“ఊరందరి మెట్లకూ కడ్డీలు పెట్టావు,” అంది. “ఇంట్లో స్నానాల గదిలో ఒక్క కడ్డీ పెట్టు. అన్నం తినడానికి లావు పిడి ఉన్న చెంచా ఒకటి చెయ్యి. మంచం ఎత్తు తగ్గించు. ఒంటెకు చేసిన దాంట్లో పదో వంతు చాలు నాకు.”

“నేను చెయ్యను.”

“ఎందుకు?”

“ఏ చేతికి చెయ్యమంటావు?” అప్పటికే ఆయన మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఒక్కో మాట ఏరుకుని చెప్పాడు. “కడ్డీ పెట్టాలంటే నా చెయ్యి ఎక్కడ పడుతుందో చూడాలి. ఇవాళ ఒకచోట పడుతుంది. వచ్చే నెల ఇంకోచోట. ఆ పై నెల ఎక్కడా పడదు. నా పని నాకు తెలుసు. నిలకడ లేని చేతికి కొలత ఉండదు. బండి అయితే ఒక్క రోజు చాలు. ఒక్క రోజుకు సరిపోతే పైకెక్కి దిగేస్తాం. కడ్డీ అట్లా కాదు, రోజూ కావాలి. రోజూ నేను ఎంత పోయానో అదే చెబుతుంది.”

“రేపటి సంగతి రేపు. ఇవాళ నువ్వు పడితే లేపడానికి నాకు బలం లేదు,” అంది వదిన. పిక్క మీద కాలిన గాయం ఆమెకింకా మానలేదు. కట్టులోంచి పసుపుపచ్చగా ఊరుతోంది. ఆయన దాని వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఒప్పుకోలేదు.

రెండు పూటలు అన్నం ముట్టలేదు. వదిన బతిమాలలేదు, కంచం పెట్టి తీసేసింది. కుడిచేత్తో కూడా ముద్ద నోటిదాకా రావడం లేదని అప్పుడు నాకర్థమైంది. పంతం వెనక దాచుకుంటున్నాడు.

ఆ తరవాత ఒక ఉదయం తుక్కు మామూలుగా చక్రాలేవో పట్టుకుని వచ్చేసరికి అన్నయ్య షాపులో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏదో అన్నాడు. తుక్కుకు అర్థం కాలేదు. ఆయన మాట ఇప్పుడు వదినకే పూర్తిగా తెలుస్తుంది. ఆమె ఆయన మొహంలోకి చూసి చెప్పింది.

“ఒంటె హ్యాండిలు కొయ్యమంటున్నాడు.”

“ఎందుకు?”

“స్నానాల గదికి.”

తుక్కు చేతిలోని చక్రాలు కింద పెట్టాడు. “ఇనుప పైపులు కొట్టు నిండా ఉన్నాయి బావా. కొత్తది తెస్తాను. దాన్ని ఎందుకు కొయ్యడం?”

అన్నయ్య మళ్ళీ చెప్పాడు. వదిన అందించింది. “పట్టు అలవాటైన పైపు అదొక్కటే అంటున్నాడు. చేతులకు దాని లావు తెలుసట.”

తుక్కు గ్రైండరు పట్టుకున్నాడు గానీ మీట నొక్కలేకపోయాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, నా వల్ల కాదన్నాడు. వదిన అతని చేతిలోంచి గ్రైండరు తీసుకుంది. ఎప్పుడూ ఇనుము పట్టుకోవడమే తప్ప ఆమె కొయ్యలేదు. అన్నయ్య చెబుతుంటే నిలబడే తీరు మార్చుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది. నా గది కిటికీ అద్దం ఆ రోజు చాలాసేపు వణికి ఉంటుంది. రవ్వలు లేచాయి. కోత వంకరగా వచ్చింది.

స్నానాల గదిలో ఆయన్ని నిలబెట్టి వదినా నేనూ చెరో పక్కా పట్టుకున్నాం. చేతులు ఎటు పోతాయో చూడాలి కదా. కుడిచెయ్యి గోడ మీద తడుముకుంటూ కొంచెం దూరం పోయి ఆగింది. తుక్కు అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. ఎడమచెయ్యి ఎటూ పోలేదు. వేలాడుతూ ఉండిపోయింది. వదిన దాన్ని ఎత్తి గోడకు ఆనించి, “ఇక్కడ?” అంది. ఆయన కళ్ళతో ఇంకొంచెం కింద అన్నాడు. అక్కడొక గీత.

అతుకు వేసింది తుక్కు. అన్నయ్య చూసి, వెల్డింగు గడ్డలు కట్టిందనీ, అరగదీయమనీ చెప్పించాడు. తరవాత కుడిచేత్తో కడ్డీ మీద బరువు వేసి నిలబడ్డాడు. కడ్డీ ఆగింది. ఆయన వెనక వదిన రెండు చేతులూ చాచి, ముట్టుకోకుండా, నిలబడి ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అన్నయ్య మళ్ళీ షాపులోకి తీసుకెళ్ళమన్నాడు. హ్యాండిలు లేని ఒంటె మొండెంలా నిలబడి ఉంది. మొత్తం విప్పమన్నాడు.

“ఉండనీ బావా. నేను చూసుకుంటాను. ఎవరికీ ఇవ్వను,” అన్నాడు తుక్కు.

వదిన అందించింది. “ఇంకెవడైనా దానికి హ్యాండిలు పెట్టి ఎక్కితే చస్తాడంటున్నాడు. చేతికి గేరు, కాలికి క్లచ్చు. మామూలుగా నడిపేవాడికి తెలియదు. ఆయనకు సరిపోయేలా చేసింది ఇంకొకరిని పడేస్తుంది. ఏ ముక్కకాముక్క చెయ్యమంటున్నాడు.”

కూర్చుని విప్పారు తుక్కూ వదినా. ఆయన కుర్చీలోంచి చూస్తూ ఒక్కో ముక్క ఎటు పోవాలో చెప్పాడు. స్పాంజి సీటు ఇక కొనక తప్పని వీల్‌చైరుకు. సామాను చట్రం మంచం తలవైపుకు, ఆనుకుని కూర్చోవడానికి. పక్క పెట్టెల్లో ఒకటి మందులకు. రెండోది నాకు ఇమ్మన్నాడు, కాగితాలు పెట్టుకోమని. చెంచా పిడికి హ్యాండిలు కొసనున్న రబ్బరు తొడుగు కోయించాడు. ముందు అద్దం పలక ఎందుకూ పనికిరాదన్నాడు, చాలాసేపు ఆలోచించి. పెడలు, గేరు కడ్డీ, వలయం మాత్రం పక్కన పెట్టించి, మూడింటినీ ముక్కలుగా కోయించాడు. ఎవరూ పొరపాటున కూడా వాడకూడదు. కోస్తుంటే కళ్ళు తిప్పుకోలేదు.

ఆఖర్న ఫ్రేము ఒక్కటి మిగిలింది. లోపల పైపు దూర్చి తను అతికిన చోటు పైకి కనపడుతోంది. ఆ అతుకు మీద వేలు పెట్టి చూడమని తుక్కుకు సైగ చేశాడు. తుక్కు తడిమి, “గీత కూడా తెలియట్లేదు బావా,” అన్నాడు. అన్నయ్య తల ఊపాడు.

ఎండ షాపులోకి వచ్చేసింది. ఆయన తల వాల్చేశాడు. అప్పటిదాకా ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు. పాకుతూనో, గోడ పట్టుకునో, వదిన భుజం మీద ఆనుకునో, ఎలాగో తనే వెళ్ళేవాడు. ఇప్పుడు ఏదో అన్నాడు. ఆ ఒక్క మాట నాకు కూడా అర్థమైంది.

“ఎత్తండి.”

తుక్కు కాళ్ళ వైపు, నేను నడుము దగ్గర. వదిన ముందుకు వంగి ఆయన రెండు చేతులూ తీసి తన మెడ చుట్టూ వేసుకుంది.

“గట్టిగా పట్టుకో,” అంది అలవాటుగా.

చేతులు ఆమె వీపు మీంచి జారిపోయాయి. ఆయన గడ్డం ఆమె భుజం మీద ఆనించి, నొక్కి పెట్టాడు. అలాగే లోపలికి తీసుకెళ్ళాం.